తృప్తికీ టిక్కే, అలసటకూ టిక్కే

మొన్నామధ్య ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె మా వార్డుకు వచ్చి నా చేతిలో నాలుగు పేజీల ఫారం పెట్టింది. కరోనా కాలంలో పనిచేసిన నర్సుల మీద ఆమె థీసిస్. పేరు రాయనక్కర్లేదు, వయసు, సర్వీసు, వార్డు రాస్తే చాలు. రెండో పేజీలో "మీ ఉద్యోగం మీకు ఎంత తృప్తినిస్తోంది?" అని ఉంది, పక్కన ఒకటి నుంచి అయిదు దాకా గడులు. అయిదులో టిక్కు పెట్టాను. మూడో పేజీలో "డ్యూటీ దిగేసరికి మనసులో ఇంకేమీ మిగల్లేదనిపిస్తుందా?" అని ఉంది. అక్కడా అయిదే. ఆ అమ్మాయి కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, "మేడం, ఈ రెండింట్లో ఏదో ఒకటి తొందరలో పెట్టినట్టున్నారు, మళ్లీ చూసుకుంటారా?" అంది.

మళ్లీ చూసుకున్నాను. రెండూ అలాగే ఉంచాను. ఎందుకో నిలబడి చెప్పే తీరిక ఆ పూట లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను లేబర్ రూం సిస్టర్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. మా రిజిస్ట్రేషన్ కాగితం మీద నర్సు అనీ, మిడ్‌వైఫ్ అనీ రెండూ ఉంటాయి; జీతం ఒకటే. మా ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలో ఉప్పుగూడ. రైల్వే వాళ్ల బోర్డు మీద 'హుప్పుగూడ' అని ఉంటుంది. ఆ 'హు' ఎందుకొచ్చిందో మా గల్లీలో ఎవర్నడిగినా ఒక్కో కథ చెబుతారు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ. నేను ఎక్కడ దిగుతానో, ఏ ఆసుపత్రో రాయను. రిటైర్మెంటుకు ఇంకా చాలా ఏళ్లున్నాయి.

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. నెల తిరక్కుండానే రైళ్లు ఆగాయి. ఎంఎంటీఎస్ మళ్లీ నడిచింది 2021 జూన్ 23న. ఆ పదిహేను నెలలూ మా ఇంటాయన స్కూటర్ మీదే నా ప్రయాణం. గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కరోనాకు ఇచ్చేశారు. చాలాచోట్ల కంటి ఆపరేషన్లు, మోకాలి ఆపరేషన్లు వాయిదా వేశారు. నొప్పులు వాయిదా పడవు కదా. మా దగ్గరికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, ఆటోలు లేక కొందరు నడిచి కూడా వచ్చారు.

పీపీఈ కిట్ల సంగతి అందరూ రాశారు. ఏప్రిల్ ఎండలో రెయిన్‌కోటు లాంటి సూటు, అతుకుల మీద టేపు, రెండు జతల గ్లవ్స్, ఎన్-95, పైన అద్దాలు. నీళ్లు తాగితే బాత్‌రూంకి పోవాలి, పోతే సూటు విప్పాలి, విప్పితే ఆ పూటకు ఇంకొకటి లేదు. కాబట్టి తాగేవాళ్లం కాదు. నెలసరి రోజుల్లో ఆ ఆరేడు గంటలు ఎట్లా గడిచేవో పైవాళ్లకు ఏ మాటల్లో చెప్పాలో తెలియక మేమే చెప్పలేదు. ఇదంతా అప్పట్లో పేపర్లలో వచ్చింది, కాస్తో కూస్తో. రానిది ఇంకొకటి ఉంది.

నొప్పులు పడే మనిషి నర్సు మాట వినిపించుకోదు, నర్సు ముఖం చూస్తుంది. ఆ ముఖంలో కంగారు లేదంటే తనకేం కాదని ధైర్యం. ఇన్నేళ్లూ నా పనిలో సగం నా ముఖమే చేసిందని, అది అద్దాల వెనక ఆవిరిలో కనపడకుండా పోయాక గానీ నాకు తెలియలేదు. నేను నవ్వుతున్నానో, చిరాకు పడుతున్నానో వాళ్లకు తెలియదు. ఏ సిస్టర్ ఎవరో మాకే తెలియదు. ఎత్తును బట్టి, నడకను బట్టి పోల్చుకునేవాళ్లం. ఒకరోజు మా ఆయా మార్కర్ తెచ్చి నా సూటు ఛాతీ మీద ఉర్దూలో పెద్దగా 'ఆపా' అని రాసింది. కింద నేను తెలుగులో 'అక్క' అని రాసుకున్నాను. అప్పట్నుంచి ఎవరి భాషలో వాళ్లు పిలిచారు. ఆ రాత పెట్టినందుకు ఒక పెద్దాయన నన్ను మందలించాడు కూడా, సూటు పాడైపోతుందని. వాడి పారేసే సూటు!

2020 జూలైలో ఒక రాత్రి. పాజిటివ్ వచ్చిన అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, తొలి కాన్పు. తల్లి లోపలికి రాకూడదు, అత్త రాకూడదు, భర్త గేటు బయట. నొప్పి వచ్చినప్పుడల్లా నా చేయి పట్టుకుని "ఆపా, హాత్ నక్కో ఛోడో" అంటోంది, చేయి వదలొద్దని. నేను ఇంకో ఇద్దర్ని చూడాలి. అయినా వదిలించుకున్న ప్రతిసారీ దొంగతనం చేసి పారిపోతున్నట్టు ఉండేది. తెల్లవారగట్ల కాన్పయింది, మగపిల్లవాడు. శుభ్రం చేసి తూకం వేస్తుంటే ఆ అమ్మాయి ఫోను మోగింది. భర్త. బిడ్డ చెవిలో అజాన్ చెప్పాలి, ఎలాగైనా చెప్పనివ్వండి అని బతిమాలుతున్నాడు. మామూలుగా అయితే బయట వరండాలో బిడ్డను చేతికిస్తే తండ్రో తాతో చెబుతారు, మేము ఆ నిమిషం పక్కకు తప్పుకుంటాం. ఇప్పుడు బిడ్డను బయటికి పంపే వీలు లేదు.

మందులొచ్చిన పాలిథిన్ కవర్‌లో ఫోను పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, బిడ్డ కుడి చెవికి బెత్తెడు దూరంలో పట్టుకున్నాను. ఆ మనిషి గేటు దగ్గర నిలబడి మొదలుపెట్టాడు. సగంలో సిగ్నల్ పోయింది. మళ్లీ చేశాడు, సగం నుంచి అందుకోకుండా మొదటి నుంచి మొదలుపెట్టాడు. గొంతు వణుకుతోంది. కవర్ చప్పుడు కాకుండా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బిడ్డ ఏడుపు ఆపింది. మంచం మీద ఆ పిల్ల తల మీదికి దుపట్టా లాక్కుని కళ్లు మూసుకుంది.

ఆ పొద్దున నా మనసు ఎంత నిండిందో ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న గడుల్లో పట్టదు. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను, లేవడానికి ముప్పావుగంట పట్టింది. రెండూ ఒకే పొద్దున. ఫారం తెచ్చిన అమ్మాయికి చెప్పాలనుకున్నది ఇదే.

మామూలు రోజుల్లో కాన్పు గది బయట ఎంత మంది ఉంటారో చూశారా? తల్లి వీపు రుద్దుతుంది. అత్త చాయ్ పట్టుకొస్తుంది. పెద్దమ్మ ఖురాన్ ఆయతో, అమ్మవారి పేరో చదువుతూ కూర్చుంటుంది. ఆడపడుచు మాతో పోట్లాడుతుంది. మొగుడు బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తుతాడు. "గుంపు కడతారేందమ్మా, పోండి పోండి" అని మేము కసురుకునేవాళ్లం. వాళ్లందర్నీ ఒక్కసారిగా గేటు బయట ఆపేశాక తెలిసింది, వాళ్లు ఎంత పని చేసేవాళ్లో. ఆ పనంతా మా నెత్తిన పడింది. నేను నర్సును, తల్లిని, అత్తను, పెద్దమ్మను, కొన్నిసార్లు మొగుడిని కూడా. దానికి కొత్త పోస్టు రాలేదు, డ్యూటీ చార్టులో ఒక గంట కలవలేదు. పార్టోగ్రాఫ్ అని ఒక షీటు నింపుతాం: బిడ్డ గుండె చప్పుడు, తల్లి నాడి, బీపీ, నొప్పులు ఎన్ని, గర్భాశయ ద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది. చేయి పట్టుకున్న గంటలకు అందులో గీత లేదు.

ఇప్పుడు ఒక సిగ్గుపడాల్సిన విషయం చెప్పాలి. 2021 మే, రెండో వేవ్. అప్పటికి నేను ఆ 'ఆపా'ను కాను. మా బ్యాచ్ సిస్టర్ ఒకామె పోయి వారం. ఒక పిల్ల, పంతొమ్మిదేళ్లది, అదే పనిగా అరుస్తోంది. నేను వంగి దాని తొడ మీద చరిచి, రాయకూడని మాట ఒకటి అన్నాను. లేబర్ రూంలో ఆడవాళ్లకు పడే మాటలు ఎట్లా ఉంటాయో ప్రభుత్వాసుపత్రిలో కన్న ఏ తల్లినడిగినా చెబుతుంది, నేను ఆ గుంపులో లేనని ఏళ్ల తరబడి గొప్పగా అనుకున్నదాన్ని. ఆ పిల్ల నోరు మూసుకుంది. ఆ తర్వాత కాన్పు అయ్యేదాకా కిక్కురుమనలేదు, అదే నాకు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తుకొస్తుంది. ముందు రాత్రి పన్నెండు గంటలు నిలబడ్డానని నేను తప్పించుకోలేను. చరిచిన చేయి నాదే. కానీ నర్సులు తిడతారు, నర్సులకు దయ లేదు అని రాసేవాళ్లు ఆ రాత్రి ఎంతమంది తల్లులకు ఎంతమంది నర్సులున్నారో కూడా పక్కన రాస్తే బాగుంటుంది. ఆ రెండు అంకెలూ ఒకే వార్తలో కలిసి రావడం నేనింతవరకు చూడలేదు.

తర్వాత ఆ థీసిస్ అమ్మాయే ఫోన్ చేసింది, గైడును అడిగిందట. వాళ్ల ఫారం వెనకున్న కొలబద్ద 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు తయారుచేసింది. అందులో మూడు లెక్కలుంటాయి, మనసు అలసట ఒకటి, మనిషి మనిషిలా కాకుండా బెడ్ నంబరులా కనపడటం ఒకటి, మంచి పని చేశానన్న నిండుదనం ఒకటి. మూడింటినీ కలిపి కూడకూడదట, దేనికదే. "అంటే మీ రెండు టిక్కులూ కరెక్టే మేడం" అంది. నాకు నవ్వొచ్చింది. నేను మెట్ల మీద కూర్చుని తెలుసుకున్నది వాళ్లు నలభై ఏళ్ల కిందటే పుస్తకంలో పెట్టేశారు. రెండో లెక్క గురించి నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. మే నెల గురించి మీకే మొదట చెబుతున్నాను.

ఇక కరోనా నాటి ఇంటి సంగతి. మాది షాబాద్ బండల ఇల్లు, ఒక్కో బండ రెండడుగులు. నాకూ పిల్లకూ మధ్య మూడు బండలు ఉండాలని మా అమ్మాయే నియమం పెట్టింది, ఇంటర్ చదువుతోంది అప్పుడు. కంచం మూడో బండ మీద పెట్టి, కాలితో తోసేది. మొదట్లో ఏడ్చేది, రెండు నెలలకు అలవాటైపోయి ఫోన్ చూసుకుంటూ తోసేది. పక్కింటి అక్క 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి, వైద్య సిబ్బంది కోసం అందరూ చప్పట్లు కొట్టినప్పుడు, డాబా మీద స్టీలు పళ్లెం మోగించింది, నా వైపు తిరిగి మరీ. ఏప్రిల్‌లో మేము నడిచే మెట్ల మీద బ్లీచింగ్ చల్లింది. "ఏమనుకోకు చెల్లె, మా అత్తకు షుగర్" అంది. ఏమనుకోలేదని చెప్పలేను. ఆ ఆషాఢం బోనాలు ఎవరింట్లో వాళ్లే చేసుకున్నారు. లాల్‌దర్వాజా వైపు ఆ ఆదివారం అంత నిశ్శబ్దంగా ఉండటం నా జీవితంలో చూడలేదు. ఆ రోజు అదే అక్క మా గేటు మీద బెల్లమన్నం డబ్బా పెట్టి, బెల్లు కొట్టి వెళ్లిపోయింది.

అక్టోబరులో వాన. 13వ తేదీ రాత్రి ఒక దెబ్బ, నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగి ఇంకో దెబ్బ. ఛత్రినాక, శివాజీనగర్, ఉప్పుగూడ గల్లీలన్నీ వాగులయ్యాయి. నేను డ్యూటీలో ఉన్నాను, మా ఇంటాయన నన్ను తీసుకురావడానికి బయల్దేరి ఇరుక్కుపోయాడు. ఇంట్లో పిల్ల ఒక్కతే. పక్కింటి అక్కా, వాళ్లాయనా నడుంలోతు నీళ్లలో వచ్చి మా బియ్యం డబ్బా, టీవీ, నా సర్టిఫికెట్ల ఫైలు వాళ్ల పై అంతస్తుకు చేరవేశారు. పిల్లను మూడు రాత్రులు వాళ్ల మధ్య పడుకోబెట్టుకున్నారు. అప్పుడు ఎవరూ బండలు లెక్కపెట్టలేదు. బ్లీచింగ్ చల్లింది ఆవిడే, సర్టిఫికెట్లు కాపాడింది ఆవిడే. మనుషుల్ని ఏ గడిలో పెట్టాలో నాకు తెలియదు. అందుకే ఫారంలో 'ఇరుగుపొరుగు నుంచి వివక్ష ఎదురైందా? అవును/కాదు' అన్న ప్రశ్న ఖాళీగా వదిలేశాను.

పొగడ్త మాత్రం బోలెడు దొరికింది. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందే నర్సుల, మిడ్‌వైఫుల సంవత్సరంగా ప్రకటించింది, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి రెండు వందల ఏళ్లని. మే 3న హెలికాప్టర్ వచ్చి గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. జూలైలో అదే గాంధీలో ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతం కోసం, పర్మినెంటు కోసం పని ఆపి బయట కూర్చున్నారు. 2021 జూలైలో, కరోనా కోసం తాత్కాలికంగా తీసుకున్న పదహారు వందలకు పైగా నర్సులను ఇక చాలు పొమ్మన్నారు. వాళ్లు అప్పటి ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ దగ్గరికి వెళ్తే పోలీసులు వ్యాన్లెక్కించారు. 'సేవ' అనే మాట నాకు ఇష్టమే, నర్సింగ్ స్కూల్లో దీపం పట్టుకుని ప్రమాణం చేసినప్పుడు నిజంగానే ఒళ్లు పులకరించింది. కానీ జీతం అడిగినప్పుడల్లా ఎదుటివాళ్ల నోట ఆ మాట వస్తుంటే అనుమానం పుడుతుంది. మాకు ఈ పని ఇష్టమని అందరికీ తెలుసు. ఆ ఇష్టాన్ని ఒక నర్సు కింద లెక్కేసి, ఒక నర్సును తగ్గిస్తున్నారని నా అనుమానం.

మంచి జరిగితే మంచి అనాలి. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. మా వార్డుకూ కొత్త పిల్లలొచ్చారు, చురుకైనవాళ్లు. అయినా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు. మా వార్డులో నైట్ డ్యూటీకి ఇద్దరం, ఒక్కోసారి ముగ్గురం. మంచాలు ముప్పై ఆరు, పక్కన ఊయల్లో ఉన్నవాళ్లను కూడా రోగులే అనుకుంటే లెక్క మీరే వేసుకోండి. ప్రైవేటు సంగతి ఇంకా అన్యాయం. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయల కన్నా తక్కువ ఉండకూడదంది. మా గల్లీలో జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసిన అమ్మాయి చిన్న నర్సింగ్ హోంలో పన్నెండు వేలకు చేస్తోంది. ఆ పిల్లకు ఈ కమిటీ సంగతి చెబితే, "నిజమా అక్కా?" అని నవ్వింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి కాన్పు గది తలుపు మీద రోజూ రెండు అంకెలు రాయండి: లోపల ఎందరు తల్లులు, ఎందరు సిస్టర్లు. వంటగది బయట మెనూ రాస్తున్నారుగా, అలాగే. ఎమ్మెల్యే వచ్చినా, పేపరాయన వచ్చినా, తిట్టడానికి అత్తగారొచ్చినా ముందు ఆ బోర్డు చూస్తారు. రెండోది, ఆ గేటు బయట ఆపిన తల్లిని లోపలికి రానివ్వండి. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. కరోనా కాలంలోనూ ఆ తోడు ఉండాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. మంచాల మధ్య ఒక తెర, ఒక స్టూలు ఉంటే చాలు. చాలాచోట్ల తెర లేదు కాబట్టి తోడు లేదు. ఇది తల్లుల హక్కు గురించి అడుగుతున్నానని అందరూ అనుకుంటారు. నిజానికి నా స్వార్థం. వీపు రుద్దే అమ్మ ఒకామె ఉంటే నా రెండు చేతులు నాకు మిగులుతాయి. అప్పుడు ఎవర్నీ చరవను.

తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో ముప్పై మంది నర్సులతో ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. ఒక్కో తల్లి పక్కన కదలకుండా కూర్చోవడమే ఆ చదువులో పెద్ద పాఠమని మా దగ్గరికి వచ్చిన ఒకామె చెప్పింది. అసూయపడ్డాను. కదలకుండా కూర్చోవడం! నాకు ఇరవై రెండేళ్లలో అది పాజిటివ్ వచ్చిన ఆ ఒక్క అమ్మాయి పక్కనే కొద్దిగా కుదిరింది, అదీ మిగతా ఇద్దరి దగ్గర్నుంచి దొంగిలించిన సమయమే.

ఫారం ఆఖరి పేజీలో 'ఇతర వ్యాఖ్యలు' అని రెండు చుక్కల గీతలున్నాయి. అప్పటికే లోపల్నుంచి కేకలు వినిపిస్తున్నాయి. నిలబడే రాశాను: 'నైట్‌కు ఇంకో ఇద్దరు సిస్టర్లు కావాలి. డ్యూటీ రూం బాత్‌రూం తలుపుకు గడియ కావాలి.' ఆ అమ్మాయి చదివి, "ఇది డేటా కిందికి రాదేమో మేడం" అంది ఇబ్బందిగా. "రాకపోతే మీ మేడంకు చూపించు, ఆమె మా సూపరింటెండెంట్‌కు చూపిస్తుంది" అన్నాను.

చూపించినట్టే ఉంది. పోయిన నెల గడియ వచ్చింది.